11 గంటల ట్యుటోరియల్ చూసి వెబ్‌సైట్ చేశా.. బాబాయ్ ఫోన్‌లో తెరిచాక తెలిసింది అసలు సంగతి!

మన సైట్‌లో ఏ ల్యాప్‌టాప్ రివ్యూ పెట్టినా కింద ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "బ్రో, వెబ్ డిజైనింగ్ నేర్చుకుందామనుకుంటున్నా, ఈ మోడల్ సరిపోతుందా? ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి? మంచి ట్యుటోరియల్ ఏదైనా చెప్పండి" అని. మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క లైన్‌లో అయిపోతుంది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా చాలు, సెకండ్ హ్యాండ్‌ది అయినా పర్లేదు, గ్రాఫిక్స్ కార్డుకి డబ్బులు తగలేయకండి. మిగతా రెండు ప్రశ్నలకి మాత్రం ఒక్క లైన్ చాలదు. ఎందుకంటే ఆ రెండింటి దగ్గరా నేను దాదాపు ఒక సంవత్సరం పోగొట్టుకున్నా.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. ట్యుటోరియల్ చూస్తూ పక్కనే టైప్ చేయడాన్ని మనం "ప్రాక్టీస్" అనుకుంటాం. అది ప్రాక్టీస్ కాదు, డిక్టేషన్. స్కూల్లో టీచర్ చెబుతుంటే మనం రాసేవాళ్లం కదా, అలాంటిదే. చేతులు పనిచేస్తాయి, బుర్ర పనిచేయదు. వీడియో ఆపేసి, ఖాళీ ఫైల్ ముందు కూర్చుని, మనకి బాగా తెలిసిన ఒక మనిషికి పనికొచ్చే పేజీ చేయాల్సి వచ్చినప్పుడే నేర్చుకోవడం మొదలవుతుంది.

నా కథ చెబుతా. లాక్‌డౌన్‌లో నేను బీటెక్ సెకండియర్. ఇంట్లో ఖాళీ, నెట్ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది. 11 గంటల వీడియో ఒకటి పట్టుకుని మొత్తం చూశా. ఊరికే చూడలేదు, ప్రతి లైన్ టైప్ చేశా. ఆ తర్వాత ఇంకో రెండు కోర్సులు. ఓటీటీ యాప్ హోమ్‌పేజీకి క్లోన్, మ్యూజిక్ యాప్‌కి క్లోన్, ఒక పోర్ట్‌ఫోలియో.. అన్నీ నా ల్యాప్‌టాప్‌లో అచ్చం వీడియోలో ఉన్నట్టే కనిపించేవి. వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నా, ఫ్రెండ్స్ నుంచి ఫైర్ ఎమోజీలు వచ్చాయి. ఇంకేం, వెబ్ డెవలపర్ అయిపోయా అనుకున్నా.

మధిరలో మా బాబాయ్‌కి టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గంగాళాలు, జనరేటర్, స్టేజీ సెట్టింగ్.. పెళ్లిళ్లకీ, ఫంక్షన్లకీ అద్దెకిస్తాడు. స్టేటస్ చూసి ఫోన్ చేశాడు. "ఒరేయ్ చిన్నా, మన షాపుకి కూడా ఒకటి చేసిపెట్టరా. రేట్లు అడిగి అడిగి చంపుతున్నారు, లింకు పంపిస్తే వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. రెండు రోజుల్లో అయిపోద్ది బాబాయ్ అని మాటిచ్చా. పట్టింది ఐదు వారాలు.

ఖాళీ ఫైల్ తెరిచా. ఏం రాయాలో తెలియలేదు. నిజంగా! అప్పటికి సీఎస్ఎస్ కొన్ని వేల లైన్లు టైప్ చేసి ఉంటా. కానీ ఇప్పుడు పేజీలో ముందు ఏముండాలి, దాని కింద ఏముండాలి అని చెప్పడానికి వీడియోలో మనిషి లేడు. చివరికి ఏం చేశానంటే, పాత ఓటీటీ క్లోన్ ఓపెన్ చేసి, సినిమా పోస్టర్ల చోట షామియానా ఫొటోలు పెట్టా. పైన పెద్ద బ్యానర్, మౌస్ పెడితే పెద్దవయ్యే ఫొటోలు, నల్ల బ్యాక్‌గ్రౌండ్. గిట్‌హబ్ పేజెస్‌లో ఫ్రీగా హోస్ట్ చేసి, పండక్కి ఊరెళ్లినప్పుడు "చూడు బాబాయ్" అని లింక్ పంపించా.

బాబాయ్ ఫోన్ పాత బడ్జెట్ ఆండ్రాయిడ్. పేజీ తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక అక్షరాలు చీమల్లా ఉన్నాయి. సగం ఫొటోల చోట విరిగిన బొమ్మ గుర్తు. రెండు వేళ్లతో జూమ్ చేసి, అటూ ఇటూ జరిపి, కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు.

"ఫోన్ నంబర్ ఏదిరా?"

పెట్టలేదు. ఏ ట్యుటోరియల్‌లోనూ లేదు మరి! ఓటీటీ యాప్‌కి ఎవరైనా ఫోన్ చేసి సినిమా బుక్ చేసుకుంటారా?

వీడియో చెప్పని సంగతులు

ఆ రోజు కనిపించిన తప్పుల్ని ఒక్కొక్కటే పట్టుకుని సరిచేస్తూ వెళ్లా. నేను నేర్చుకున్న వెబ్ డిజైన్ అంటూ ఏదైనా ఉంటే అది ఈ రిపేర్లలోనే. కొన్ని చెబుతా, మీకూ పనికొస్తాయి.

అక్షరాలు చీమల్లా ఎందుకున్నాయి? వీఎస్ కోడ్‌లో ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే హెచ్‌టీఎంఎల్ పేజీకి కావాల్సిన అస్థిపంజరం మొత్తం దానంతట అదే వస్తుంది. వీడియోలో ఆయన అదే చేశాడు, నేనూ అదే చేశా. తర్వాత "క్లీన్ కోడ్" అంటూ తెలివి ప్రదర్శించి, నాకు అర్థంకాని లైన్లు కొన్ని తీసేశా. అందులో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఒకటి. దాని వెనక మంచి కథ ఉంది. 2007లో మొదటి ఐఫోన్ వచ్చేనాటికి వెబ్‌సైట్లు దాదాపు అన్నీ కంప్యూటర్ స్క్రీన్ కోసం చేసినవే. అవి చిన్న స్క్రీన్‌లో చెదిరిపోకుండా ఉండాలని, ఫోన్ బ్రౌజర్ తన స్క్రీన్ 980 పిక్సెల్స్ వెడల్పు ఉన్నట్టు నటించి, పేజీని అంత వెడల్పున గీసి, మొత్తాన్ని కుదించి చూపించేది. "ఆ నటన అక్కర్లేదు, నీ అసలు వెడల్పు ఎంతో అంతే వాడు" అని చెప్పేదే ఆ ఒక్క లైన్. ఈరోజుకీ ఆ లైన్ లేకపోతే ఫోన్ పాత అలవాటే పాటిస్తుంది. ఎన్ని గంటల వీడియోలు చూసినా ఇది నాకు తెలియలేదు. లైన్ తీసేసి దెబ్బ తిన్నాకే తెలిసింది.

విరిగిన ఫొటోల గొడవ ఇంకా విచిత్రం. నా ల్యాప్‌టాప్‌లో అన్నీ కనిపిస్తున్నాయి, నెట్‌లో పెడితే సగం మాయం. కొన్నింటికి నేనిచ్చిన అడ్రస్ నా సీ డ్రైవ్‌ది. మధిరలో ఉన్న ఫోన్‌కి నా సీ డ్రైవ్ ఎక్కడి నుంచి వస్తుంది! ఇంకొన్నింటికి ఫైల్ పేరులో పెద్దక్షరం, కోడ్‌లో చిన్నక్షరం. విండోస్ రెండూ ఒకటే అనుకుని సర్దుకుపోతుంది. గిట్‌హబ్ సర్వర్ సర్దుకోదు, దానికి అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఒక రాత్రి మొత్తం పోయింది దీనికి. అప్పటినుంచి ఏ ఫైల్ పేరైనా అన్నీ చిన్నక్షరాలే, మధ్యలో ఖాళీలు లేకుండా.

పేజీ అంత స్లోగా ఎందుకుందో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోలు తీసినట్టే పెట్టేశా. ఒక్కోటి 5 ఎంబీ చొప్పున 14 ఫొటోలు, అంటే ఒక్క పేజీకే 70 ఎంబీ. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని మనం ఇక్కడ తెగ కొట్టుకుంటాం కానీ, 360 పిక్సెల్స్ వెడల్పున్న పేజీలో 4000 పిక్సెల్స్ ఫొటో పెట్టడం అంటే చారెడు బియ్యం తేవడానికి లారీ కట్టించినట్టే. స్కూష్ అనే ఫ్రీ టూల్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. దాంతో 800 పిక్సెల్స్ వెడల్పుకి తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే మొత్తం కలిపి 2 ఎంబీ లోపే వచ్చింది. బాబాయ్ ఫోన్‌లో తేడా కూడా కనిపించలేదు.

ఇక తెలుగు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిష్ ట్యుటోరియల్ చేసేవాళ్లకి ఈ సమస్య ఉందన్న సంగతే తెలియదు. మన తెలుగు యూట్యూబర్లు కూడా పేజీలో ఇంగ్లిష్ అక్షరాలే పెట్టి చూపిస్తారు. బాబాయ్ షాపు కరపత్రం చేసిన ఫ్లెక్సీ షాపతన్ని అడిగితే మ్యాటర్ ఫైల్ పంపించాడు. కాపీ చేసి పేజీలో పెడితే తెలుగు రాలేదు. డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, ఏవో యూరప్ అక్షరాలు వచ్చాయి. డీటీపీలో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చిన ఫాంట్లు అవి. ఆ ఫాంట్ లేని చోట కింద ఉన్న అసలు గుర్తులు బయటపడతాయి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ, మ్యాటర్ ఒక పేజీయే కాబట్టి నేను ఫోన్‌లో జీబోర్డ్‌తో మళ్లీ టైప్ చేసేశా.

టైప్ చేశాక ఇంకో తలనొప్పి. షాపు పేరులో "లక్ష్మీ" ఉంది. ట్యుటోరియల్ నుంచి ఎత్తుకొచ్చిన హెడింగ్ స్టైల్‌లో లైన్ హైట్ 1 అని ఉంది. ఇంగ్లిష్‌కి అది బాగానే ఉంటుంది. తెలుగులో కింద వత్తులు వేలాడతాయి, పైన గుడులు, తలకట్లు లేస్తాయి. పేరు రెండు లైన్లలోకి వచ్చేసరికి పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దేసింది. 1.6 పెడితే ఊపిరాడింది. హెడింగులన్నీ పెద్దక్షరాల్లోకి మార్చే లైన్ ఒకటుంది. తెలుగులో పెద్దక్షరాలే లేవు కాబట్టి అది ఊరికే కూర్చుంది. ఇటాలిక్ పెట్టినచోట బ్రౌజర్ మన అక్షరాల్ని బలవంతంగా పక్కకి వంచేసింది, గాలివానకి వరి పడిపోయినట్టు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగుకి మండలి, రామభద్ర, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఫ్రీగా ఉన్నాయి. హెడింగ్‌కి రామభద్ర, మిగతా మ్యాటర్‌కి నోటో సాన్స్ పెట్టా. ఇందులో ఏదీ రాకెట్ సైన్స్ కాదు. కానీ మన భాషలో పేజీ చేసినప్పుడు మాత్రమే ఎదురయ్యే పాఠాలివి. "లోరెమ్ ఇప్సమ్" పెట్టుకుని నేర్చుకుంటే జన్మలో ఎదురుకావు.

సరే, ఏ సాఫ్ట్‌వేర్ మరి?

మా కాలేజీ ల్యాబ్‌లో డ్రీమ్‌వీవర్ ఉండేది. 1997లో మాక్రోమీడియా తెచ్చిన సాఫ్ట్‌వేర్, 2005లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది. మేం దాన్ని చూసి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే, కొత్తవాళ్లకి అందులో ఒక బంగారం లాంటి ఫీచర్ ఉంది, స్ప్లిట్ వ్యూ. ఒక సగంలో కోడ్, ఇంకో సగంలో పేజీ. ఇక్కడ మారిస్తే అక్కడ ఏమవుతుందో వెంటనే కనిపిస్తుంది. నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

ఆ పని ఈరోజు మీ బ్రౌజరే చేస్తుంది, పైసా ఖర్చు లేకుండా. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, ఏ సైట్‌లోనైనా రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. ఎఫ్12 కొట్టినా అదే వస్తుంది. ఈ వ్యాసం మీద కూడా కొట్టొచ్చు, ఎడిటర్ ఏమీ అనుకోడు. ఏ డబ్బా ఎంత వెడల్పుంది, చుట్టూ ఎంత ఖాళీ ఉంది, ఈ రంగు ఏ లైన్ నుంచి వస్తోంది.. అన్నీ కనిపిస్తాయి. అక్కడే విలువలు మార్చి చూడొచ్చు, పేజీ రీలోడ్ చేస్తే మళ్లీ మామూలే, ఏదీ పాడవదు. ఎవరైనా నన్ను "బిగినర్‌కి బెస్ట్ వెబ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏది" అని అడిగితే నా జవాబు ఇదే. రాయడానికి వీఎస్ కోడ్, చూడ్డానికి ఇన్‌స్పెక్ట్. ఆ రెండే.

ఫిగ్మా వద్దా అంటారు. మంచి టూలే, మా ఆఫీసులో డిజైనర్లు రోజూ వాడతారు. కానీ ఫిగ్మాలో గీసింది వెబ్‌సైట్ బొమ్మ, వెబ్‌సైట్ కాదు. బొమ్మలో పేరు ఎప్పుడూ ఒక లైన్‌లోనే ఇముడుతుంది, ఫొటో ఎప్పుడూ లోడ్ అవుతుంది. వర్డ్‌ప్రెస్ సంగతి వేరు. షాపు వాళ్లే రోజూ ఏదో ఒకటి మార్చుకుంటారంటే అదే సరైన దారి. కానీ అందులో థీమ్ ఎంచుకోవడం, ప్లగిన్ వేయడం నేర్చుకుంటాం, ఆ థీమ్ ఫోన్‌లో చెదిరిపోతే ఎందుకో తెలుసుకోలేం. రెండూ నేర్చుకోండి, కాకపోతే రెండో మెట్టుగా.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. సాఫ్ట్‌వేర్లు పోతుంటాయి. ఫ్రంట్‌పేజ్ పోయింది. ఫ్లాష్ మీద కెరీర్ కట్టుకున్న సీనియర్లకి 2020 డిసెంబర్ 31తో దాని కథ ముగిసింది. ఫిగ్మాని 20 బిలియన్ డాలర్లకి కొంటామని 2022లో ప్రకటించిన అడోబీ, 2023 డిసెంబర్‌లో ఆ డీల్ వదిలేసుకుంది. తన సొంత ఎక్స్‌డీకి కొత్త ఫీచర్లు ఇవ్వడం కూడా ఆపేసింది. ఎక్స్‌డీ కోర్సుకి ఫీజు కట్టిన నా క్లాస్‌మేట్ ఇప్పటికీ ఆ మాటెత్తితే మొహం తిప్పుకుంటాడు. అదే సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ చేసిన మొట్టమొదటి వెబ్‌సైట్ ఉంది, 1991 నాటిది. దాన్ని మళ్లీ నెట్‌లో పెట్టారు. మీ ఫోన్‌లో ఇప్పుడు తెరవండి, తెరుచుకుంటుంది.

ల్యాప్‌టాప్ లేనివాళ్ల సంగతేంటి అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ల్యాప్‌టాప్ కొన్నాకే మొదలుపెడదాం అని ఆగొద్దు. ఏకోడ్ లాంటి ఎడిటర్ యాప్ ఆండ్రాయిడ్‌లో ఉంది. టైపింగ్ చిరాకే, ఒప్పుకుంటా. కానీ ఒక పేజీ రాసి, అదే ఫోన్‌లో చూసుకోవచ్చు. అసలు మీ పేజీ చూసేవాళ్లలో ఎక్కువమంది చూసేదే ఫోన్‌లో, ఆ లెక్కన మీరు నాకంటే మంచిచోట మొదలుపెడుతున్నట్టు.

ట్యుటోరియల్స్ మానేయమంటున్నానా?

కాదు. ట్యుటోరియల్ లేకుండా నేనూ ఒక్క ట్యాగ్ కూడా నేర్చుకునేవాణ్ని కాదు. ఎలా వాడాలన్నదే గొడవ. 11 గంటల వీడియోలు నా దృష్టిలో వెబ్ సిరీస్‌లు, బింజ్ వాచ్‌కి బాగుంటాయి. నాకు పనికొచ్చినవి చిన్న చిన్నగా మనచేత చేయించేవి. ఫ్లెక్స్‌బాక్స్ ఫ్రాగీ అనే ఆట 24 లెవెల్స్ ఉంటుంది, కప్పల్ని ఆకుల మీద కూర్చోబెట్టాలి. గంటలో ఫ్లెక్స్‌బాక్స్ బుర్రకెక్కింది. ఫ్రీకోడ్‌క్యాంప్‌లో ఒక స్టెప్ సరిగ్గా రాస్తేనే తర్వాతది తెరుచుకుంటుంది, అది కూడా మంచిదే. కాకపోతే అక్కడా చెయ్యి పట్టుకునే నడిపిస్తారు. అందులో ముందే నిర్దేశించిన స్టెప్పులు లేకుండా, మనంతట మనమే పూర్తిచేయాల్సిన ప్రాజెక్టులు కూడా ఉంటాయి. చాలామంది వాటిని దాటేసి వెళ్లిపోతారు, నేనూ దాటేశా. అసలు విషయమంతా వాటిలోనే ఉందని తర్వాత తెలిసింది.

వీడియోనే ఇష్టమైతే ఇలా చేయండి. 15 నిమిషాలు చేతులు కట్టుకుని చూడండి, టైప్ చేయకండి. ఆపేయండి. ఖాళీ ఫైల్‌లో గుర్తున్నంత రాయండి. ఇరుక్కుంటారు. ఆ ఇరుక్కున్న చోట ఒక పది నిమిషాలు ఉండండి, వెంటనే వీడియో తెరవకండి. తర్వాత ఆ ఒక్క ముక్క చూసుకుని మూసేయండి. మొదట్లో చాలా స్లో. వీడియో చూస్తూ గంటలో అయ్యేది ఇలా రెండు రోజులు పట్టింది నాకు. ఫీలయ్యా కూడా, అందరూ రియాక్ట్ దాకా వెళ్లిపోతుంటే నేనింకా డబ్బాలు సర్దుతున్నానే అని.

ఇక ఏఐ. "ఇదంతా ఎందుకు, ప్రాంప్ట్ కొడితే నిమిషంలో పేజీ ఇస్తుందిగా" అంటారు. నిజమే, ఆఫీసులో నేనూ వాడతా. నిజాయితీగా చెప్పాలంటే, ఏఐ అయితే ఆ వ్యూపోర్ట్ లైన్ మర్చిపోయేది కాదు. నాకంటే మెరుగ్గానే చేసేది. కానీ బాబాయ్ రేట్ల పట్టిక చూడండి. సామాను, సైజు, రోజు అద్దె, అడ్వాన్స్, ఫొటో అని ఐదు కాలమ్స్. ఫోన్‌లో పట్టక పేజీ పక్కకి జారిపోతోంది. పట్టికని పక్కకి జరుపుకునేలా డబ్బాలో పెట్టొచ్చు, ఏఐ అదే చెబుతుంది, నేనూ మొదట అదే చేశా. బాబాయ్ దగ్గరికొచ్చే పెద్దాయన ఒకరు ఆ పట్టికని జరపాలని తెలియక, అద్దె కనపడట్లేదని ఫోన్ చేశారు. అప్పుడు అర్థమైంది, అడ్వాన్స్ ఎవరూ పేజీలో చూడరు, మాట్లాడుకునేదే. సైజు సామాను పేరు పక్కనే రాయొచ్చు. రెండు కాలమ్స్ తీసేశా, మూడు మిగిలాయి, ఫోన్‌లో సరిగ్గా పట్టాయి. ఆ రెండు కాలమ్స్ తీసేయొచ్చని తెలియాలంటే షాపులో కూర్చుని గిరాకీలు ఏం అడుగుతారో వినాలి. మీరు బిగినర్ అయితే ఏఐతో రాయించుకోకండి, మీరు రాసింది చూపించి "ఇది ఎందుకు పక్కకి జారుతోంది" అని అడగండి. ఆ పనిలో అది మంచి ట్యూషన్ మాస్టారు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. బాబాయ్‌కి ఆర్డర్లు ఎక్కువగా వచ్చేది నా సైట్ నుంచి కాదు, గూగుల్ మ్యాప్స్‌లో పెట్టిన షాపు ప్రొఫైల్ నుంచి. అది పెట్టడానికి నాకు పట్టింది ఒక సాయంత్రం. సైట్ మాత్రం ఆయన కోరుకున్న పని చేస్తోంది, రేట్లు అడిగితే లింక్ పంపిస్తాడు. పైన పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబర్, నొక్కితే కాల్ వెళ్తుంది. పక్కనే వాట్సాప్ బటన్. నల్ల బ్యాక్‌గ్రౌండ్, కదిలే ఫొటోలు ఎప్పుడో పోయాయి. అందం అంటే ఏమీ లేదు, ఏ డిజైన్ అవార్డూ రాదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ గురించి చెప్పమన్నప్పుడు ఓటీటీ క్లోన్ గురించి రెండు నిమిషాల్లో మాటలైపోయాయి. టెంట్ హౌస్ గురించి అరగంట మాట్లాడా, ఫైల్ పేర్ల గొడవ చెబుతుంటే ఇంటర్వ్యూ చేసే ఆయన నవ్వాడు, ఆయనకీ ఎప్పుడో జరిగిందట.

కాబట్టి మీ చుట్టూ చూడండి. మెకానిక్ షెడ్డు, టైలరింగ్ షాపు, ట్యూషన్ చెప్పే అక్క, పచ్చళ్లు అమ్మే పిన్ని, ఎవరో ఒకరు ఉంటారు. ఒక్క పేజీ చాలు. వాళ్ల ఫోన్‌లోనే తెరిచి, చేతికిచ్చి, మీరు ఏమీ మాట్లాడకుండా పక్కన నిలబడండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ జూమ్ చేశారో, ఏం అడిగారో రాసుకోండి. మీరు తర్వాత చూడాల్సిన ట్యుటోరియల్స్ ఏంటో ఆ కాగితమే చెబుతుంది.

నిన్న బాబాయ్ కొత్త ఎల్ఈడీ లైటింగ్ సెట్ కొన్నాడు. సైట్‌లో పెట్టమని ఫొటోలు పంపాడు. తొమ్మిది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుందని ఎవరో చెప్పారట, అందుకని డాక్యుమెంట్ లాగా పంపాడు, ఒక్కోటి 6 ఎంబీ. ఈ ఆదివారం నాకు అదే పని.